కోర్టు ఆగినా కబురు ఆగకూడదు

ప్రశ్న: మాది చిన్న లాయర్ ఆఫీసు. నేను, ఒక జూనియర్, ఒక క్లర్కు, అంతే. కోవిడ్ వచ్చినప్పుడు ఆఫీసుకు తాళం వేసి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. ఫైళ్లన్నీ లోపలే ఉండిపోయాయి. కోర్టులు మూసేశారు కదా, చేసేదేముంది అనుకున్నాం. మళ్లీ తెరిచేసరికి కొందరు క్లయింట్లు వేరే లాయర్ల దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయన, "కేసు వాయిదా పడినందుకు కాదు మేడమ్, మీరు ఫోన్ తీయనందుకు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. రేపు మళ్లీ అలాంటి మహమ్మారి వస్తే మాలాంటి వాళ్లం ఏం చేయాలి? పెద్ద సంస్థలకు ఉన్నట్టు మాకు ఐటీ విభాగం లేదు, సిబ్బందీ లేరు. క్లయింట్ల పని ఆగకుండా ఎలా చూసుకోవాలి?
– ఒక న్యాయవాది

సమాధానం: మీ ప్రశ్నకు సగం జవాబు ఆ క్లయింటే చెప్పేశారు. కోర్టు మూతపడితే లాయర్ చేయగలిగింది తక్కువని జనానికి తెలుసు, దాన్ని వాళ్లు అర్థం చేసుకుంటారు. తమ కేసు ఏ స్థితిలో ఉందో చెప్పే మనిషే లేకపోతే మాత్రం తట్టుకోలేరు. ఇల్లు ఖాళీ చేయిస్తారేమో, బిడ్డను చూడనివ్వరేమో, జైల్లో ఉన్న తమ్ముడికి జబ్బు అంటుకుంటుందేమో అని నిద్ర పట్టని మనిషి మీకు ఫోన్ చేస్తే, అది మోగి మోగి ఆగిపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. అందుకే నేను చెప్పేదంతా రెండు విషయాల చుట్టూనే తిరుగుతుంది. గడువు తేదీలు దాటిపోకూడదు, క్లయింటుతో మాట తెగిపోకూడదు. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండింటి కోసమే.

ఈ విషయంలో చిన్న ఆఫీసుకు ఒక అనుకూలత ఉంది. మీ క్లయింట్లు మీకు ముఖపరిచయం ఉన్నవాళ్లు, ఎవరి కేసు ఎక్కడుందో మీకు నోటికి తెలుసు. ముగ్గురూ ఒక పూట కూర్చుంటే నిర్ణయాలన్నీ అయిపోతాయి. మీరు ఏ దేశంలో, ఏ కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నారో రాయలేదు కాబట్టి ఎక్కడైనా పనికొచ్చేవే చెబుతాను. కోవిడ్ కాలంలో వేర్వేరు చోట్ల జరిగినవి ఉదాహరణగా తీసుకుంటాను.

ముందు తేదీల సంగతి. "కోర్టులు మూసేశారు కదా" అన్న మాటలోనే అసలు ప్రమాదం ఉంది. కోర్టు తలుపు మూసుకున్నంత మాత్రాన లిమిటేషన్, అంటే కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు, ఆగదు. దాన్ని ఆపాలంటే ఎవరో ఒకరు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు దేనికి వర్తిస్తుందో, ఎప్పటిదాకా వర్తిస్తుందో పూర్తిగా చదివితే తప్ప తెలియదు. భారత సుప్రీంకోర్టు ఉత్తర్వుల కథే చూడండి. 2020 మార్చి 23న ఇచ్చిన ఉత్తర్వుతో కేసులు, అప్పీళ్లు వేసే గడువులను మార్చి 15 నుంచి పొడిగించింది. 2021 మార్చి 8న ఆ పొడిగింపును ముగించింది. రెండో వేవ్ ముంచుకురావడంతో ఏప్రిల్ 27న మళ్లీ తెచ్చింది. సెప్టెంబరులో మరోసారి ముగించి, 2022 జనవరి 10న మరోసారి పునరుద్ధరించింది. చివరికి 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లిమిటేషన్ లెక్కలోంచి తీసేయాలని తేల్చింది. మధ్యలో గడువు ముగిసిపోయిన వాళ్లకు 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చింది. మొదటి ఉత్తర్వు గురించి విని, తర్వాతవి చూడకుండా ధీమాగా కూర్చున్న లాయర్ పరిస్థితి ఏమిటి?

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఆ పొడిగింపు పోలీసులు ఛార్జిషీటు వేయాల్సిన గడువుకు వర్తించదని సుప్రీంకోర్టు 2020 జూన్‌లోనే చెప్పింది. అంటే గడువులోగా ఛార్జిషీటు పడకపోతే లాక్‌డౌన్‌లో కూడా నిందితుడికి బెయిల్ హక్కు అలాగే ఉంది. కోర్టులు మూసేశారనుకుని ఊరుకుంటే ఒక మనిషి అనవసరంగా లోపలే ఉండిపోతాడు. అదే ఏడాది సెప్టెంబరులో మరో తీర్పు వచ్చింది. లిమిటేషన్ గడువు వేరు, ఆలస్యాన్ని మన్నించడానికి చట్టం ఇచ్చే అదనపు రోజులు వేరు, పొడిగింపు మొదటిదానికే అని చెప్పింది. అమెరికాలో న్యూయార్క్ గవర్నర్ 2020 మార్చి 20న గడువులు ఆపుతూ ఉత్తర్వు ఇస్తే అది నవంబరు 3 వరకు సాగింది. అయితే ఆ మధ్య రోజులు పూర్తిగా లెక్కలోకి రావా, లేక ఆ మధ్యలో ముగిసే గడువులు మాత్రమే వెనక్కి జరిగాయా అన్న వాదన కోర్టుకెక్కింది. రోజులు పూర్తిగా తీసేయాల్సిందేనని అక్కడి అప్పీలు కోర్టు 2021లో చెప్పేదాకా లాయర్లకు టెన్షనే.

కాబట్టి మీ ఆఫీసుకు ఒక నియమం పెట్టుకోండి. సడలింపు వచ్చినా, ఫైలింగ్‌కు దారి ఉన్నంతవరకు పాత గడువులోగానే దాఖలు చేయాలి. సడలింపు మీద ఆధారపడక తప్పని కేసుల్లో ఆ ఉత్తర్వు ప్రతి ఫైల్లో పెట్టి, ఏ వాక్యం మీకు వర్తిస్తుందో గీత గీసి ఉంచాలి. రెండేళ్ల తర్వాత అవతలి పక్షం అభ్యంతరం చెప్పినప్పుడు ఆ కాగితమే మీకు రక్ష.

మీ కోర్టు డైరీ ఒకే పుస్తకంలో, ఒకే టేబుల్ మీద ఉంటే అది ఈరోజే మారాలి. ముగ్గురూ ఇంటి నుంచి చూడగలిగే పట్టిక ఒకటి తయారు చేయండి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ప్రతి కేసుకు ఒక వరుస. ఆ వరుస చదివితే కేసు గురించి ఏమీ తెలియని మనిషికి కూడా రేపు ఏం చేయాలో అర్థం కావాలి. ఉదాహరణకు ఇలా: "ఇల్లు ఖాళీ చేయమన్న కేసు, మనం అద్దెకున్నవాళ్ల వైపు. జవాబు దాఖలుకు అసలు గడువు 14. సడలింపు ప్రకారం వచ్చే నెల 30. మనం పెట్టుకున్న తేదీ 10. చూసేది జూనియర్. అద్దె ఒప్పందం ఒరిజినల్ బీరువా పై అరలో, స్కాన్ ఉంది. క్లయింటుతో చివరిసారి మాట్లాడింది మంగళవారం. మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే ఫోన్ చేయాలి, మెసేజ్ పెట్టకూడదు." ఆ చివరి వాక్యం ఎందుకు రాశానో కింద చెబుతాను.

పట్టిక అయ్యాక కేసులను విడదీయండి. ఇక్కడ కాస్త కఠినంగా ఉండాలి. ముందుగా జైల్లో ఉన్నవాళ్లు, ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్లు, భరణం అందనివాళ్లు, బిడ్డల కస్టడీ, ఇల్లు ఖాళీ చేయించే కేసులు, గడువు దగ్గరపడినవి. ఏళ్ల తరబడి నడుస్తున్న ఆస్తి పంపకాల కేసు ఇంకో ఆరు నెలలు ఆగినా ప్రళయం రాదు. ఫీజు బాగా ఇచ్చే క్లయింటు కేసు పైకి ఎక్కి, ఇవ్వలేని మనిషి కేసు కిందికి జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఆలస్యమైతే ఎవరికి ఎంత నష్టం అన్నదొక్కటే కొలత కావాలి.

ఇక మాట సంగతి. మహమ్మారి మొదలైన మొదటి వారంలోనే ప్రతి క్లయింటుకూ ఫోన్ వెళ్లాలి. వాళ్లు చేసేదాకా ఆగకండి. సగం మీరు, సగం జూనియర్ పంచుకుంటే మూడు నాలుగు రోజుల పని. చెప్పాల్సింది కూడా కొంచెమే: "మీ కేసు పద్దెనిమిదో తారీఖుకు ఉంది. కోర్టు ఆ వారం మూసి ఉంటుంది కాబట్టి కొత్త తేదీ ఇస్తారు. దానివల్ల మీకు నష్టం లేదు, పాత స్టే అలాగే ఉంది, ఉత్తర్వు నేను చూశాను. కొత్త తేదీ తెలిసినా తెలియకపోయినా వచ్చే శుక్రవారం సాయంత్రం మీకు ఫోన్ చేస్తాను." ఇందులో నాకు అన్నిటికంటే విలువైనది ఆ చివరి వాక్యం. చెప్పడానికి కబురేమీ లేని శుక్రవారం కూడా ఫోన్ చేసి "ఇంకా ఏమీ తేలలేదండీ, నేను చూస్తున్నాను" అనండి. ఆ రెండు నిమిషాల ఫోన్ వెళ్తే ఆ వారమంతా వాళ్ల దగ్గర్నుంచి కంగారు ఫోన్లు రావు. "అలాగే ఉంది" అనే ముందు మాత్రం నిజంగా ఉందో లేదో ఉత్తర్వు చూసి చెప్పండి. కొన్ని మధ్యంతర ఉత్తర్వులు ఫలానా తేదీ వరకే అని ఉంటాయి. వాయిదా పడినంత మాత్రాన అవి వాటంతటవే పొడిగింపు కావు.

ఆఫీసు నంబరుకు వచ్చే కాల్స్ ఎవరో ఒకరి సెల్‌కు మళ్లించండి. ముగ్గురిలో ఎవరు ఏ పూట ఎత్తాలో పంచుకోండి. తీయలేకపోయిన ఫోన్‌కు ఆరోజే తిరిగి చేయాలి. మాట్లాడిన ప్రతిసారీ తేదీ వేసి రెండు ముక్కలు పట్టికలో రాయాలి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లను వీడియో కాల్‌లోకి రమ్మని ఇబ్బంది పెట్టకండి. మామూలు ఫోన్ కాల్, అవసరమైతే పోస్టులో పెద్ద అక్షరాల ఉత్తరం వాళ్లకు చాలు.

అన్నిటికంటే నిదానంగా ఆలోచించాల్సింది రహస్యం గురించి. ఆఫీసులో తలుపు వేసుకుని మాట్లాడే మాట ఇప్పుడు రెండు ఇళ్ల మధ్య నడుస్తుంది. మీ వైపు ఇంట్లోవాళ్లు, అటువైపు వాళ్ల ఇంట్లోవాళ్లు. మీ ఇంట్లో కేసు మాటలకు ఒక గది లేదా కనీసం ఒక మూల, ఇయర్‌ఫోన్ ఉండాలి. మాటలు వినే స్మార్ట్ స్పీకర్ ఆ గదిలో ఉండకూడదు. అమెరికన్ బార్ అసోసియేషన్ 2021 మార్చిలో ఇచ్చిన అభిప్రాయంలో క్లయింటు సంగతులు మాట్లాడేటప్పుడు అలాంటి పరికరాలు వినకుండా చేయాలని ప్రత్యేకంగా చెప్పింది. వీడియో కాల్ కంపెనీల ప్రకటనలను కూడా గుడ్డిగా నమ్మకండి. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (మాట్లాడుకునే వాళ్లు తప్ప కంపెనీ కూడా వినలేని ఏర్పాటు) ఉందని వాడుకదారులను తప్పుదారి పట్టించిందంటూ జూమ్ మీద వచ్చిన ఆరోపణలు 2020 నవంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సెటిల్‌మెంట్ దాకా వెళ్లాయి. మీరు వాడే యాప్‌లో ఆ సెట్టింగ్ ఉందో లేదో, ఆన్‌లో ఉందో లేదో మీరే చూసుకోవాలి.

ఇప్పుడు ఆ "మెసేజ్ పెట్టకూడదు" సంగతి. భర్త మీద కేసు వేసిన స్త్రీ, లాక్‌డౌన్‌లో అదే భర్తతో అదే ఇంట్లో ఉండొచ్చు. మీరు మంచి మనసుతో పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఆయన కంట పడితే ఆ రాత్రి ఆమెకు నరకం. ఫోన్ ఎత్తగానే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని. జవాబు అవును, కాదు అన్న మాటల్లో వచ్చేలా ప్రశ్నలు అడగండి. ఇప్పుడు మాట్లాడలేనని ఆమె చెప్పడానికి ముందే ఒక మామూలు మాట అనుకుని పెట్టుకోండి. ఆ మాట వినగానే మీరు వేరే పని మీద ఫోన్ చేసినదానిలా మాట్లాడి పెట్టేయాలి. ప్రమాదం అని చెప్పడానికి ఇంకో మాట ఉండాలి, అది వింటే మీరు ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆమెతో ముందే ఖాయం చేసుకోవాలి. వీడియోలో అయితే 2020 ఏప్రిల్‌లో కెనడాలోని మహిళల ఫౌండేషన్ ప్రచారంలోకి తెచ్చిన, సాయం కావాలని చెప్పే చేతి సైగ ఉంది. అరచేయి కెమెరాకు చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా వేళ్లు దాని మీదికి మూయడం. మీరూ, జూనియరూ, క్లర్కూ ముగ్గురూ దాన్ని గుర్తుపట్టగలగాలి.

వీడియో విచారణలకు క్లయింటును సిద్ధం చేయడం లాయర్ పనే, దాన్ని వాళ్ల మనవడికో మనవరాలికో వదిలేయకండి. ముందురోజు అదే సమయానికి, అదే ఫోన్‌తో, అదే కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి రిహార్సల్ చేయించండి. ఫోన్ కళ్ల ఎత్తులో, వెలుతురు ముఖం మీద పడేలా ఉండాలి. ఛార్జర్ పక్కనే ఉండాలి, తెరమీద పేరు సరిగ్గా కనిపించాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు గదిలో ఇంకెవరూ ఉండకూడదని, పక్కనుంచి ఎవరైనా అందిస్తే సాక్ష్యమే దెబ్బతింటుందని వివరంగా చెప్పండి. అనుమతి లేకుండా రికార్డు చేయకూడదని కూడా చెప్పండి. కోర్టు హాల్లో మీ కొంగు పట్టుకుని అడిగే మాటలు ఇక్కడ అడగడానికి వీలుండదు కాబట్టి, జూనియర్ వేరే ఫోన్‌లో క్లయింటుకు అందుబాటులో ఉండాలి. లైన్ తెగిపోతే ఎవరు కోర్టు సిబ్బందికి కబురు చేయాలో ముందే అనుకోండి.

మహమ్మారిలో ఎక్కువగా అడిగేది వీలునామా. భయంతో అడుగుతారు, తొందరగా కావాలంటారు. ఇక్కడ తొందరపడి పొరపాటు చేస్తే వాళ్లు పోయాక ఆ భారం వాళ్ల పిల్లలు మోయాల్సి వస్తుంది. చాలా దేశాల చట్టాల్లో ఇద్దరు సాక్షులు కావాలి. వీడియోలో చూసిన సాక్షి చెల్లుతాడా లేదా అన్నది దేశాన్ని బట్టి, ఒక్కోసారి నెలను బట్టి మారింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2020 సెప్టెంబరు 28 నుంచి అమల్లోకి వచ్చిన ఉత్తర్వు వీడియో సాక్షులను ఒప్పుకుంది. అది 2020 జనవరి 31 నుంచి రాసిన వీలునామాలకు కూడా వర్తించింది. 2024 జనవరి 31తో ఆ వెసులుబాటు అయిపోయింది. అది ఉన్న రోజుల్లో కూడా వీడియోను చివరి మార్గంగానే వాడమని, కిటికీ అద్దం అవతల నిలబడి సంతకం చూసినా చెల్లుతుందని ప్రభుత్వం చెప్పింది. నా సలహా కూడా అదే. సంతకం పెట్టే మనిషి కిటికీ లోపల, సాక్షులిద్దరూ బయట దూరంగా, ఎవరి పెన్ను వాళ్లదే. చట్టం కొత్తగా ఇచ్చిన దారి కంటే పాత దారినే కాస్త దూరంగా నడవడం మేలు. భారత ఐటీ చట్టమైతే ఎలక్ట్రానిక్ వీలునామాను తన పరిధిలోకే రానివ్వలేదు. అక్కడ డిజిటల్ సంతకంతో పని జరగదు.

ఫైళ్ల గురించి మీరు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. అన్నీ స్కాన్ చేయాలని కూర్చుంటే ఏదీ అవ్వదు. వచ్చే మూడు నెలల్లో తేదీ ఉన్న కేసు కట్టలు ముందు చేయండి, మిగతావి తీరిక దొరికినప్పుడు. ఇంటికి తీసుకెళ్లిన ప్రతి ఫైలూ రిజిస్టర్‌లో ఎక్కాలి. ఒరిజినల్ దస్తావేజులు, వీలునామాలు బీరువా దాటకూడదు. స్కాన్లు మూడుచోట్ల ఉంచండి, అందులో ఒకటి ఆఫీసుకు బయట.

డబ్బు దగ్గర రెండు మాటలు. ఆదాయం పోయిన క్లయింటుకు ఫీజు వాయిదాల్లో కట్టే వీలు మీరే ముందు ప్రస్తావించండి, లేకపోతే వాళ్లు సిగ్గుపడి కేసే వదులుకుంటారు. ఏ దశకు ఎంత అన్నది కాగితం మీద పెట్టండి. ఆఫీసు ఖర్చులకు ఎంత ఇబ్బంది అయినా క్లయింట్లు మీ దగ్గర ఉంచిన డబ్బు ముట్టుకోకూడదు. అందరూ దూరంగా ఉన్న రోజుల్లో మోసగాళ్లు రెచ్చిపోతారు. "మా బ్యాంకు ఖాతా మారింది, కొత్తదానికి పంపండి" అని క్లయింటు పేరుతో ఈమెయిల్ వస్తే, మీ దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి, వాళ్ల గొంతు విన్నాకే పంపాలి.

మీ ఉత్తరంలో క్లర్కు గురించి ఒక్క మాటే ఉంది. కోర్టుకు, రిజిస్ట్రార్ ఆఫీసుకు, పోస్టాఫీసుకు తిరిగేది ఆ మనిషే కాబట్టి ఆఫీసులో జబ్బు ముందుగా సోకే అవకాశం కూడా ఆ మనిషికే. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో అయ్యే పనికి పంపొద్దు. పంపక తప్పనిసరైతే నాలుగు పనులు కలిపి ఒకేసారి పంపండి, ప్రయాణానికి మీరే ఏర్పాటు చేయండి. జబ్బు చేసిన రోజులకు జీతం కోయనని ముందే చెప్పండి. కోస్తారన్న భయం ఉంటే జ్వరం దాచుకుని పనికి వస్తారు.

చివరిగా, జబ్బు మీకే రావచ్చు. ముగ్గురున్న ఆఫీసులో మీరు మూడు వారాలు మంచం పడితే కేసులు ఎవరు చూస్తారు? మీకు నమ్మకమున్న మరో చిన్న ఆఫీసు లాయర్‌తో ఇప్పుడే పరస్పర ఒప్పందం చేసుకోండి. మీకు బాగోకపోతే వాళ్లు, వాళ్లకు బాగోకపోతే మీరు. నోటిమాట కాదు, రాసుకోండి. వాళ్లు మీ క్లయింట్లకు అవతలి పక్షాన లేరని ముందే పోల్చి చూసుకోవాలి. "అత్యవసరమైతే ఫలానా లాయర్ నా ఫైలు చూడొచ్చు" అని క్లయింట్ల నుంచి సమ్మతి తీసుకోవాలి, కొత్త క్లయింట్లకైతే వకాల్తా పెట్టే రోజే. తేదీల పట్టిక ఎక్కడుంది, బీరువా తాళం ఎవరి దగ్గరుంది, ఈ-ఫైలింగ్ ఖాతాలోకి ఎలా వెళ్లాలి, ఏ క్లయింటుకు ఏ వేళలో ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి సీలు వేసిన కవరులో జూనియర్‌కు ఇవ్వండి. పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ కొత్త కవరు ఇచ్చి పాతది చింపేయండి.